కలంకారీ అద్దకం, ప్రపంచ మార్కెట్: అపోహలు - వాస్తవాలు

బందరు (మచిలీపట్నం) దగ్గర పెడనలో, చెక్క అచ్చులతో బట్ట మీద రంగులద్దే మా కలంకారీ షెడ్డు చూడ్డానికి వచ్చేవాళ్లు గ్లోబలైజేషన్ గురించి రకరకాలుగా మాట్లాడుతుంటారు. తరచూ వినేవి ఇవి.

అపోహ: 1991 ఆర్థిక సంస్కరణల తర్వాతే విదేశీ మార్కెట్ మన కళల్లోకి వచ్చింది.

వాస్తవం: కుతుబ్‌షాహీల కాలంలోనే బందరు రేవు నుంచి అద్దకం బట్ట పర్షియాకి వెళ్లేది. 1611లో ఇంగ్లీషు కంపెనీ వాళ్లు బందరులో దిగింది కూడా బట్టల బేరానికే. మన అద్దకాలు యూరప్‌లో ఎంతగా అమ్ముడుపోయాయంటే, అక్కడి నేతవాళ్లు గగ్గోలు పెట్టి 1686లో ఫ్రాన్స్‌లో, 1700లో ఇంగ్లండ్‌లో నిషేధాలు తెప్పించారు. తర్వాత వాళ్లే మిషన్ల మీద అద్ది మనకు అమ్మారు.

అపోహ: బయటివాళ్ల కోసం డిజైన్ మారిస్తే అది అసలు కలంకారీ కాదు.

వాస్తవం: శ్రీకాళహస్తిలో కలంతో పురాణ కథలు గీస్తారు. మా బందరు అచ్చుల్లో తీగలు, పూలు, మామిడి పిందెలు ఎక్కువ. అందులో పర్షియా వాళ్ల అభిరుచి బాగా ఉంది. అది తీసేస్తే మా అద్దకంలో మిగిలేది కొంచెమే.

అపోహ: జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు) ఉంది కాబట్టి నకిలీల బెడద లేదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. జీఐ కాపాడేది పేరునే. మా డిజైన్‌ని ఎక్కడో పాలిస్టర్ మీద స్క్రీన్ ప్రింట్ వేసి, ‘కలంకారీ డిజైన్’ అని అమ్మేవాళ్లు కోకొల్లలు. మేం బట్టని కరక్కాయ, గేదె పాలలో నానబెట్టి ఆరబెడతాం. బెల్లం, తుప్పు ఇనుము పులియబెట్టిన నీళ్లతో నలుపు అద్దుతాం. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్ది, కాలువలో ఉతికి, రాగి కాగులో రంగు చెక్కలతో ఉడకబెడతాం. వాన పడితే పనే ఆగిపోతుంది. ఇంత పనికి స్క్రీన్ ప్రింట్ రేటు అడిగితే ఎలా? కొనేటప్పుడు అచ్చుకీ అచ్చుకీ అతుకు పడే చోట చూడండి. చేత్తో అద్దినదైతే అక్కడక్కడా వెంట్రుకవాసి తేడా కనబడుతుంది.

అపోహ: ఎగుమతి ఆర్డర్లు వస్తే అద్దేవాళ్ల బతుకులు మారిపోతాయి.

వాస్తవం: పని దొరుకుతుంది, నిజమే. కానీ కూలి మీటరుకింత అని. మధ్యలో ఎన్ని చేతులు మారితే అంత తరుగుతుంది. ఆర్డరు ఆగితే ముందు ఆగేది కూలే. 2020 లాక్‌డౌన్‌లో అదే జరిగింది. పిల్లలు ఈ పనిలోకి రాకపోవడానికి కారణం ఇదే, బద్ధకం కాదు. టేకు చెక్క మీద అచ్చులు చెక్కేవాళ్లు కూడా తగ్గిపోతున్నారు. మీటరు రేటు పెంచమని కొనేవాళ్లని మేం పట్టుబట్టి అడిగేది అందుకే.