సన్నటి గ్రెయిన్లు చూసి మురిసిపోవద్దు: ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌పై అపోహలు - వాస్తవాలు

ఫ్రిక్షన్ స్టిర్ వెల్డ్ (లోహాన్ని కరిగించకుండా రాపిడి వేడితో మెత్తబరిచి అతికే పద్ధతి) చేసిన అల్యూమినియం ముక్కల్ని అడ్డంగా కోసి, పాలిష్ చేసి, మైక్రోస్కోప్ కింద చూడడం, తర్వాత లాగి విరగ్గొట్టడం పదేళ్లకు పైగా నా పని. వెల్డ్ మధ్యలో ఉల్లిపాయ పొరల్లాంటి వలయాలు కనిపిస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. చాలామంది ఆ అందాన్ని చూసే వెల్డ్ బలాన్ని అంచనా వేసేస్తున్నారు. ప్రాజెక్టుల కోసం వచ్చే ఎం.టెక్. విద్యార్థులూ, కొత్తగా మెషిన్ కొన్న వర్క్‌షాప్ వాళ్లూ నాతో తరచూ అనే మాటలివి.

అపోహ: లోహం కరగదు కాబట్టి వేడి వల్ల నష్టమేమీ ఉండదు.

కరగదన్నది నిజమే. 1991లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ దగ్గర, ది వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేన్ థామస్ బృందం ఈ పద్ధతిని కనిపెట్టింది. గిరగిరా తిరిగే పిన్ రెండు ప్లేట్ల అంచుల మధ్యకి దిగుతుంది, దాని పైనున్న వెడల్పాటి భాగం, షోల్డర్, గట్టిగా అదుముతుంది. రాపిడికీ, లోహం నలగడానికీ పుట్టిన వేడితో అల్యూమినియం పిండిముద్దలా మెత్తబడి, పిన్ చుట్టూ తిరిగొచ్చి వెనకాల కలిసిపోతుంది. కరగకపోవడం వల్ల లాభం పెద్దదే. 2024, 7075 లాంటి నంబర్లున్న అల్యూమినియం అలాయ్‌లను (మిశ్రమ లోహాలను) కరిగించి అతికితే గడ్డకట్టేటప్పుడు పగుళ్లు వస్తాయి, ఇక్కడ ఆ బెడద లేదు.

కానీ 6061-టి6, అంటే టి6 అనే గట్టిపరిచిన స్థితిలో ఉన్న 6061 అలాయ్, సంగతి చూడండి. ఆ టి6 బలం దాదాపు 175 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి గట్టిపరిస్తే (దీన్నే ఏజింగ్ అంటారు) వచ్చింది. వెల్డ్ మధ్యలో వేడి 400 నుంచి 500 డిగ్రీల దాకా పోతుంది. 580 దగ్గర మొదలయ్యే కరుగుదలను తప్పించుకున్నాం, అంతే. 175 డిగ్రీల దగ్గర సంపాదించుకున్న బలం ఆ వేడికి నిలవదు.

అపోహ: మధ్యలో గ్రెయిన్లు సన్నబడతాయి, కాబట్టి వెల్డ్ అసలు ప్లేట్ కన్నా గట్టిది.

నేను అన్నిటికన్నా ఎక్కువగా వినేది ఇదే. గ్రెయిన్లు, అంటే లోహంలోని చిన్న చిన్న స్ఫటికాలు, సన్నబడే మాట నిజం. ఆ వేడిలో, ఆ నలుగుడులో పాత గ్రెయిన్లు పోయి, కొన్ని మైక్రాన్ల సైజులో కొత్తవి పుడతాయి. గ్రెయిన్ చిన్నదైతే బలం పెరుగుతుందని పుస్తకంలో చదివాం కదా అంటారు. ఎంత పెరుగుతుందో లెక్క కట్టండి. అల్యూమినియంలో 100 మైక్రాన్ల గ్రెయిన్ 5 మైక్రాన్లకు తగ్గితే వచ్చే లాభం ఇరవై ముప్ఫై మెగాపాస్కల్స్. అదే 6061కి పూర్తిగా మెత్తబరిచిన స్థితిలో యీల్డ్ బలం (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 55 మెగాపాస్కల్స్ ఉంటే, టి6లో 276. ఈ తేడా దాదాపు అంతా మెగ్నీషియం, సిలికాన్ కలిసి ఏర్పడే నానోమీటర్ల సైజు రేణువులది, అంటే ప్రెసిపిటేట్లది.

దడి కట్టడం చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. సన్నటి పుల్లలు దగ్గర దగ్గరగా నాటితే కోడిపిల్ల కూడా దూరదు. అంతే కలపను నాలుగు దుంగలుగా దూరదూరంగా పాతితే గేదె కూడా దాటిపోతుంది. లోహంలో ప్రెసిపిటేట్లే దడి, దాటిపోయేవి డిస్‌లొకేషన్లు, అంటే స్ఫటికాల అమరికలోని లోపాలు. అవి సులువుగా కదిలితే లోహం మెత్తగా ఉంటుంది. వెల్డ్ మధ్యలో ప్రెసిపిటేట్లు చాలావరకు కరిగి అల్యూమినియంలోనే కలిసిపోతాయి. దాని పక్కన, పిన్ తాకకుండా వేడి మాత్రమే తగిలిన హీట్ ఎఫెక్టెడ్ జోన్‌లో అవి ముదిరి దుంగల్లా తయారవుతాయి. గ్రెయిన్లు మాత్రం అక్కడ పాత ప్లేట్‌లో లాగే కనిపిస్తాయి కాబట్టి మామూలు మైక్రోస్కోప్‌లో ఆ చోటు బాగానే ఉన్నట్టుంటుంది.

అందుకే వెల్డ్‌కి అడ్డంగా, వరసగా హార్డ్‌నెస్ కొలవండి. టి6 ప్లేట్‌లో 105-110 వికర్స్ ఉన్నది రెండు పక్కలా 60-70కి పడిపోతుంది, మధ్యలో కాస్త లేస్తుంది. గ్రాఫ్ ఇంగ్లిష్ డబ్ల్యు అక్షరంలా వస్తుంది. మంచి వెల్డ్ విరిగేది ఆ లోయలోనే, ఉల్లిపాయ వలయాల్లో కాదు.

అలాయ్ మారితే కథ మారుతుంది. 5083-ఓలో (ఓ అంటే పూర్తిగా మెత్తబరిచిన స్థితి) బలం ప్రెసిపిటేట్లది కాదు, అల్యూమినియంలో కరిగి ఉన్న మెగ్నీషియందే. వేడికి అది ఎక్కడికీ పోదు కనుక వెల్డ్ దాదాపు ప్లేట్‌తో సమానంగా నిలుస్తుంది. అలాయ్ పేరు, టెంపర్ (టి6, ఓ లాంటి స్థితి) చెప్పకుండా "జాయింట్ ఎఫిషియెన్సీ ఇంత", అంటే ప్లేట్ బలంలో వెల్డ్ బలం ఇంత శాతం, అనే మాటని నేను లెక్కలోకి తీసుకోను.

అపోహ: తర్వాత ఏజింగ్ చేస్తే పోయిన బలం వచ్చేస్తుంది.

మధ్యభాగానికి వస్తుంది. అక్కడ కరిగినవే మళ్లీ సన్నగా పుడతాయి. ముదిరిపోయిన చోట మాత్రం ఏజింగ్ పనిచేయదు, విరిగేదేమో అక్కడే. మొదట్నుంచీ సొల్యూషన్ ట్రీట్‌మెంట్ చేస్తే (బాగా వేడిచేసి ప్రెసిపిటేట్లని కరిగించి, చప్పున చల్లార్చి, మళ్లీ ఏజింగ్ చేస్తే) బలం తిరిగొస్తుంది గానీ, ఆ వేడికి మధ్యలోని సన్నటి గ్రెయిన్లు ఒక్కసారిగా విపరీతంగా పెరిగిపోవచ్చు. పెద్ద ప్యానెల్ అయితే వంకరపోతుంది కూడా. ఇక 7075 అయితే వెల్డ్ చేశాక గది వేడిలోనే వారాల తరబడి గట్టిపడుతూ ఉంటుంది. కొలిచిన తేదీ రాసుకోవాలి.

అపోహ: ఆర్‌పీఎం పెంచితే బాగా కలుస్తుంది.

వేడి పెరిగి ఆ మెత్తటి లోయ ఇంకా వెడల్పవుతుంది. పోనీ అని టూల్‌ని మరీ వేగంగా ముందుకు తోస్తే లోహం వెనక నిండక లోపల సొరంగం మిగులుతుంది. రెంటికీ మధ్య ఉన్న చోటు ప్రతి అలాయ్‌కీ, ప్రతి మందానికీ వేరు.

అపోహ: టెన్సైల్ టెస్ట్ పాసైతే వెల్డ్ పాసైనట్టే.

ఒకసారి 6 మిల్లీమీటర్ల ప్లేట్ల బ్యాచ్ వచ్చింది. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. లాగితే అన్నీ అనుకున్న చోటే విరిగాయి. అడుగు వైపు సాగేలా వంచి చూస్తే మాత్రం మూడింటిలో రెండు ముక్కలు జాయింట్ గీత వెంట పుస్తకంలా తెరుచుకున్నాయి. అంచులు ఒకదానికొకటి ఆనుకున్నాయే గానీ అతుక్కోలేదు. దీన్నే కిస్సింగ్ బాండ్ అంటారు. మధ్యలో ఖాళీ లేదు కాబట్టి ఎక్స్‌రేకి దొరకదు. నెమ్మదిగా ఒక్కసారి లాగే పరీక్షను తట్టుకుంటుంది, పదేపదే ఊగే బరువు పడితే పగులు మొదలయ్యేది అక్కడే. కారణం వెతికితే ప్లేట్ మందం అక్కడక్కడా 6.2 ఉంది. పిన్ పొడవు 5.8. మెషిన్ మాత్రం సెట్ చేసిన ఎత్తులోనే నడిచింది. నొక్కే బలాన్ని బట్టి ఎత్తు మార్చుకునే రకం కాదది.

అప్పటి నుంచి వెల్డ్‌కి ముందు ప్లేట్ పొడవునా మైక్రోమీటర్‌తో మందం కొలిపిస్తున్నాను. బెండ్ టెస్ట్ ముక్కలు వెల్డ్ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి తీయమంటున్నాను.