సూదులు వేయించినా గొర్రె కార్జంలో జలగ ఎందుకు చావలేదు?

"సారూ, నెలల రెండుసార్లు సూది వేయించిన. ఇంకా లోపల పురుగెట్లుంటది?" దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఓ పెద్దాయన అడిగాడు. ఎండాకాలం మేపు దొరక్క మందను సాగర్ ఎడమ కాలువ కింది పొలాలకు తోలుకుపోయి వచ్చాడు. అప్పటికే నాలుగు గొర్రెలు చచ్చిపోయాయి. ఐదోదానికి దవడ కింద సంచిలా నీరు దిగింది, కంటి లోపలి రెప్ప కాగితంలా తెల్లబడింది. నల్లగొండ జిల్లాలో పశువైద్యుడిగా ఇలాంటి మంద చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఆయన నిర్లక్ష్యం చేయలేదు, అప్పు చేసి మరీ ఒంటి లోపలి పురుగులకు, అంటే నట్టలకు, ఐవర్‌మెక్టిన్ అనే మందు సూదులు వేయించాడు.

అపోహ: నట్టలన్నీ ఒకటే, ఒక్క ఐవర్‌మెక్టిన్ సూదితో అన్నీ పోతాయి.

వాస్తవం: పోవు. వెన్నెముక లేనివి కదా అని వీటన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. గుండ్రటి పురుగుకు నోరు, పేగు, మలద్వారం మూడూ ఉంటాయి. కార్జంలో (కాలేయంలో) ఉండే జలగకు నోరుంటుంది కానీ మలద్వారం ఉండదు, తిన్నదాంట్లో మిగిలింది నోటి నుంచే బయటికి పోవాలి. బద్దెపురుగుకు నోరూ లేదు, పేగూ లేదు, ఒంటి మీది పొరతోనే ఆహారం పీల్చుకుంటుంది. ఒళ్లే ఇంత వేరుగా ఉన్నప్పుడు మందు ఒకటే ఎలా అవుతుంది? ఐవర్‌మెక్టిన్ గుండ్రటి పురుగుల నరాలను, కండరాలను పడగొడుతుంది, కొన్ని రకాల పేలు, గజ్జి పురుగుల మీదా పనిచేస్తుంది. జలగకు, బద్దెపురుగుకు మాత్రం అది తగలదు.

చచ్చిన గొర్రెను ఆయన ముందే కోసి కార్జం చూపించాను. పైత్యనాళాన్ని చీల్చి వేలితో నొక్కితే వేపాకంత పొడవున్న బూడిదరంగు జలగలు ఒకదాని వెనుక ఒకటి జారి పడ్డాయి. పళ్లెంలో నీళ్లు పోసి వేస్తే కొన్ని ఇంకా ముడుచుకుంటూ, సాగుతూ ఉన్నాయి. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "గివి చెరువుల పట్టుకునే జలగలేనా సారూ?" అన్నాడు. కాదు. చెరువు జలగ ఒళ్లు ఉంగరాలు పేర్చినట్టుంటుంది, ఇది ఆకులా పలచన. పేరొక్కటే కలిసింది.

కార్జపు జలగ గుడ్డు పేడతో నీళ్లలో పడి పిల్లవుతుంది. ఆ పిల్ల నత్తలో దూరి, అక్కడ పదులు వందలై, బయటికొచ్చి గడ్డికి అంటుకుంటుంది. గొర్రె ఆ గడ్డి మేస్తుంది. అందుకే కుంటల అంచున, కాలువ కింద మేసే మందలకే ఎక్కువ. ఆల్బెండజోల్ ఎదిగిన జలగను చంపుతుంది కానీ, కార్జాన్ని తొలుచుకుంటూ వారాల తరబడి తిరిగే పిల్ల జలగను చంపదు. దానికి ట్రైక్లాబెండజోల్ లాంటి మందు కావాలి. అదీ జీవం బరువును బట్టి. దవడ వాపు రక్తం తాగే గుండ్రటి పురుగులతోనూ వస్తుంది కాబట్టి వాపు చూసి మందు కొనకండి. తాజా పేడ కవర్లో వేసి ఆస్పత్రికి తెండి. గుడ్డు చూస్తే ఏ పురుగో చెప్పొచ్చు.

మిగతావి తొందరగా చెప్తాను. మందు తాపితే పురుగులు పేడలో కనబడి తీరాలన్నది తప్పు, చాలావరకు కంటికి ఆనవు. బియ్యపు గింజల్లాంటి ముక్కలు పడితే అవి బద్దెపురుగువి. సూడి జీవాలకు ఏ మందూ తాపొద్దన్నదీ తప్పే, అయితే మొదటి నెలలో ఆల్బెండజోల్ వద్దు. పొద్దున్నే మంచు గడ్డి మేపొద్దని పెద్దలు చెప్పింది మాత్రం నిజం. తడి ఉన్నప్పుడే గుండ్రటి పురుగుల పిల్లలు గడ్డి కొసలకు పాకుతాయి.

ఒక్కటి మాత్రం వదల్లేను. గొర్రె ఒకే పక్కకు గుండ్రంగా తిరుగుతుంటే గాలి సోకిందని తాయెత్తు కట్టించడం పాలమూరు వైపు కూడా చూశాను. చాలాసార్లు దాని మెదడులో నీటితిత్తి ఉంటుంది. అది కుక్క పేగులో బతికే బద్దెపురుగు పిల్ల. ఆ తల కుక్కకు వేస్తే అక్కడ మళ్లీ పెద్ద పురుగవుతుంది, గుడ్లు మేపులో పడతాయి. తలను కాల్చేయండి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతున పాతిపెట్టండి. మంద వెంట తిరిగే కుక్కలకు కూడా నట్టల మందు వేయించండి.