విండోస్ సర్వర్ పేచీ: ముడి పడింది 2019 అక్టోబరు 1న

అమెజాన్, గూగుల్, అలీబాబా అద్దెకిచ్చే కంప్యూటర్లలో, అంటే క్లౌడ్‌లలో, మైక్రోసాఫ్ట్ ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ సర్వర్‌ను నడుపుతున్న దాదాపు 60 వేల బ్రిటన్ వ్యాపార సంస్థల తరఫున మైక్రోసాఫ్ట్‌పై వేసిన నష్టపరిహారం దావా 2025 డిసెంబరులో లండన్‌లోని పోటీ వ్యవహారాల ట్రైబ్యునల్ ముందు విచారణకు వచ్చింది. దాంతో పాత పేచీ మళ్లీ రాజుకుంది. డబ్బు పెట్టి కొన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎవరి యంత్రం మీద నడపాలో తేల్చేది కొన్నవాడా, అమ్మినవాడా?

ఒకే సర్వర్ మీద పది వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన పది విడి కంప్యూటర్లు, నడిపే పద్ధతి ఎలా వచ్చిందో అందరికీ తెలిసిందే. ఒక్క లెక్క మాత్రం ఇక్కడ అవసరం. విండోస్ సర్వర్ స్టాండర్డ్ ఎడిషన్‌లో యంత్రంలోని కోర్లన్నిటికీ (ప్రాసెసర్‌లో పనిచేసే విభాగాలు), తక్కువలో తక్కువ 16 కోర్లకు, లైసెన్సు కడితే రెండు వర్చువల్ మెషీన్లకు అనుమతి. మూడోది కావాలంటే కోర్లన్నిటికీ మళ్లీ మొదటి నుంచి కట్టాలి. డేటాసెంటర్ ఎడిషన్ అయితే ఎన్నయినా నడుపుకోవచ్చు. ఈ పద్ధతిలో లైసెన్సు ముడిపడేది సర్వర్ అనే ఇనుప పెట్టెతో.

ఆ పెట్టె సొంతదా, అద్దెదా అన్న పట్టింపు మొదట్లో అంతగా లేదు. అమెజాన్‌లో ఒక సర్వర్ మొత్తాన్ని ఒకే ఖాతాదారుకు అద్దెకిచ్చే ‘డెడికేటెడ్ హోస్ట్’ తీసుకుని, తమ దగ్గరున్న లైసెన్సులనే దాని మీద వాడుకున్న సంస్థలు ఎన్నో. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ నిబంధన మార్చింది. అలీబాబా, అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్ అని నాలుగు పేర్లతో ఒక జాబితా రాసి, అక్టోబరు 1 నుంచి కొన్న విండోస్ సర్వర్ లైసెన్సులు ఆ నలుగురి అద్దె సర్వర్ల మీద చెల్లవంది. తన పేరూ రాసుకుంది కదా, న్యాయంగానే ఉందే అనిపిస్తుంది. కానీ సొంత క్లౌడ్ అజూర్‌కు ‘హైబ్రిడ్ బెనిఫిట్’ అనే దొడ్డి గుమ్మం అప్పటికే తెరిచి ఉంది. సాఫ్ట్‌వేర్ అస్యూరెన్స్ (విడిగా డబ్బు కట్టి తీసుకునే అప్‌గ్రేడ్, మద్దతు ఒప్పందం) ఉన్న లైసెన్సును అజూర్‌కు తెచ్చుకుంటే అక్కడ లైసెన్సు రుసుము లేని లైనక్స్ యంత్రం అద్దె కడితే చాలు.

మిగతా చోట్ల పరిస్థితి చూడండి. అమెజాన్ వర్జీనియా కేంద్రంలో రెండు వర్చువల్ సీపీయూలు, 8 జీబీ మెమరీ ఉన్న ఎం5 లార్జ్ యంత్రం అద్దె లైనక్స్‌తో గంటకు 9.6 సెంట్లు, విండోస్‌తో 18.8 సెంట్లు. యంత్రంలో మార్పేమీ లేదు, పెరిగిందల్లా లైసెన్సు ఖర్చు. విండోస్ సర్వర్, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ నడపడానికి అజూర్‌తో పోలిస్తే అమెజాన్‌లో అయిదు రెట్లు ఖర్చవుతుందని మైక్రోసాఫ్ట్ తానే ప్రచారం చేసుకుంది. 2024 సెప్టెంబరులో గూగుల్ యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేస్తూ ఎత్తిచూపిన ‘400 శాతం అదనం’కు ఆధారం మైక్రోసాఫ్ట్ మాటలే.

తన సాఫ్ట్‌వేర్‌ను పోటీదారులకు చవగ్గా ఇచ్చి తీరాలన్న బాధ్యత తనకు లేదనీ, అమెజాన్, గూగుల్ దిక్కులేని కంపెనీలు కావనీ మైక్రోసాఫ్ట్ వాదన. రెండో మాట నిజమే. అయితే ఫిర్యాదుల్లో కొన్ని సబబేనని 2022 మేలో ఆ కంపెనీ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ బ్రస్సెల్స్‌లో ఒప్పుకున్నారు. ఆ ఏడాది అక్టోబరు 1న నిబంధనలు సడలించారు, జాబితాలో లేని చిన్న క్లౌడ్ కంపెనీలకు మాత్రమే. ఆ తర్వాత యూరప్ క్లౌడ్ కంపెనీల సంఘం ‘సిస్పే’ ఫిర్యాదు చేస్తే 2024 జూలైలో రాజీ కుదిరింది. అమెజాన్ ఆ సంఘంలో సభ్యురాలే అయినా ఒప్పందంలో చోటు దొరకలేదు.

2025 జూలై 31న బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ, మైక్రోసాఫ్ట్ లైసెన్సు పద్ధతులు అమెజాన్, గూగుల్‌ల పోటీని దెబ్బతీస్తున్నాయని తేల్చింది. నవంబరులో గూగుల్ తన ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. అప్పటికి కొద్ది రోజుల ముందే యూరోపియన్ కమిషన్ అమెజాన్, అజూర్ క్లౌడ్‌లపై సొంతంగా విచారణ ప్రారంభించింది.

2019 అక్టోబరు 1కి ముందు కొన్న లైసెన్సులు ఇప్పటికీ అమెజాన్ డెడికేటెడ్ హోస్ట్‌ల మీద చెల్లుతాయి, విండోస్ సర్వర్ 2019 వరకు మాత్రమే. 2022 వెర్షన్‌కు పనికిరావు. ఆ 2019 వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే భద్రతా అప్‌డేట్ల గడువు 2029 జనవరి 9తో ముగుస్తుంది.