ముద్దు పెడితే ఉప్పగా తగిలే బిడ్డ: సిస్టిక్ ఫైబ్రోసిస్‌పై అపోహలు, వాస్తవాలు

కర్నూలులో పిల్లల ఊపిరితిత్తుల జబ్బులు చూసే వైద్యుడిగా నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు సంచిలోంచి తీసే పాత కాగితాల కట్టలో తరచుగా ఒకే కథ కనిపిస్తుంది: ఏడాదిలో రెండు మూడు సార్లు నిమోనియా, ఒకసారి ఆరు నెలల టీబీ మందులు, ఎంత తిన్నా పెరగని బరువు. వీరందరికీ సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బు ఉండదు. ఉన్న కొద్దిమందికి మాత్రం ఆ పేరు వినబడేసరికే ఊపిరితిత్తులు చాలావరకు దెబ్బతిని ఉంటున్నాయి.

అపోహ: ఇది తెల్లవారి జబ్బు, మన దగ్గర ఉండదు.

మా చదువుల రోజుల్లో నాకూ అలాగే చెప్పారు. ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ, వెల్లూరు సీఎంసీలోనూ ఈ జబ్బును ఎన్నో ఏళ్లుగా గుర్తిస్తూనే ఉన్నారు. దీనికి మూలమైన సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు ఏడవ క్రోమోజోముపై ఉందని 1989లో కనుగొన్నారు. ఆ జన్యువు తయారుచేయించే ప్రొటీను కణాల పొరల్లో క్లోరైడుకు దారి ఇస్తుంది. ఆ దారి మూసుకుపోతే ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా చిక్కబడి, సూడోమోనాస్ వంటి క్రిములకు నిలయమవుతుంది, క్లోమం నుంచి రావలసిన జీర్ణరసాలు పేగుల్లోకి చేరవు.

అపోహ: దగ్గు తగ్గకపోతే, బరువు పెరగకపోతే అది టీబీయే.

మన ప్రాంతంలో టీబీ ఎక్కువ కాబట్టి ముందుగా దాన్ని అనుమానించడం తప్పు కాదు. చిన్నపిల్లలు తెమడ ఉమ్మలేరు కనుక, క్రిమి దొరకకపోయినా మందులు మొదలుపెట్టవలసి రావడం కొన్నిసార్లు తప్పదు. కానీ కోర్సు పూర్తయ్యాక కూడా బిడ్డ అలాగే ఉంటే, మళ్లీ అదే కోర్సు రాయడం సమాధానం కాదు. ఆదోని వైపు పల్లె నుంచి వచ్చిన ఒక నాలుగేళ్ల పిల్లవాడికి అంతకు ముందు వేరే ఆసుపత్రిలో రెండుసార్లు టీబీ మందులు వాడారు. పరీక్ష ముగించి కాగితం రాస్తున్నప్పుడు వాళ్ల అవ్వ అన్న మాట నాకు దారి చూపింది: "ఈ పిల్లోనికి ముద్దు పెడితే నోరంతా ఉప్పగా ఐతాది సార్." ఈ జబ్బులో చెమటలో ఉప్పు ఎక్కువగా పోతుంది కనుక వెల్లూరులో చెమట పరీక్ష చేయించాం. ముంజేతిపై మందు ఉంచి, స్వల్ప విద్యుత్తుతో చెమట పట్టించి, అరగంట పాటు సేకరించి కొలుస్తారు. సూది పోటు ఉండదు. లీటరుకు 30 మిల్లీమోల్‌ల లోపు క్లోరైడు ఉంటే జబ్బు ఉండే అవకాశం తక్కువ, 60 లేదా ఆపైన ఉంటే జబ్బు ఉన్నట్టే. ఈ బిడ్డకు రెండుసార్లూ 60 దాటింది.

అపోహ: పిల్లలకు ఉప్పు తగ్గించాలి.

ఈ పిల్లల విషయంలో ఈ సలహా ప్రాణాపాయం. 1948లో న్యూయార్క్‌లో వడగాలులు వీచినప్పుడు ఎండదెబ్బతో ఆసుపత్రికి వచ్చిన పసిబిడ్డల్లో ఈ జబ్బు ఉన్నవారు ఎక్కువగా ఉండడాన్ని అక్కడి వైద్యులు గమనించారు, వారి చెమటలో ఉప్పు అధికమని పాల్ డి శాంట్ ఆగ్నీస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1953లో నిరూపించారు. నేటి చెమట పరీక్షకు పునాది అదే. వడగాలి అక్కడ అరుదుగా వచ్చే విపత్తు, మనకు ఏటా మార్చి నుంచి జూన్ దాకా సాగే కాలం. ఎండాకాలంలో ఒక బిడ్డ విరేచనాలు లేకుండానే డీలాపడి, రక్తంలో సోడియం, పొటాషియం, క్లోరైడు మూడూ పడిపోయి వస్తే, సెలైన్ పెట్టి పంపేయకుండా ఈ జబ్బును కూడా గుర్తుచేసుకోవాలని తోటి వైద్యులను కోరుతున్నాను. జబ్బు నిర్ధారణ అయిన పిల్లలకు వైద్యులు చెప్పిన మోతాదులో ఉప్పు కలిపిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ వేసవి అంతా అందాలి.

అపోహ: మేనరికం వల్లే వచ్చింది, తప్పు తల్లిదే.

జబ్బు రావాలంటే లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి అందాలి. అలాంటప్పుడు ఒక్క తల్లిని నిందించడానికి శాస్త్రంలో చోటే లేదు, అయినా నా గదిలో ఆ నింద వింటూనే ఉన్నాను, విన్న ప్రతిసారీ బాధ కలుగుతుంది. మేనమామను, మేనబావను చేసుకున్నప్పుడు ఒకే తాత నుంచి వచ్చిన లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుందన్నది నిజమే, అయితే బయటి సంబంధాల్లోనూ ఈ జబ్బు పుడుతుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే లోపమున్న జన్యువు ఒక్కటే ఉండి తమకు జబ్బు లేనివారైతే, ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం ఉంటుంది. నలుగురిలో ఒకరికి వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురికీ రాదని కొందరు లెక్క వేసుకుంటారు. ఆ లెక్క ప్రతి గర్భానికీ మొదటి నుంచి మొదలవుతుంది.

అపోహ: మలం జిడ్డుగా పోతోంది కనుక నూనె, నెయ్యి మానిపించాలి.

మానిపిస్తే బిడ్డ ఇంకా చిక్కిపోతుంది. క్లోమరసాల బదులుగా ఎంజైము గుళికలు ఇస్తూ, నెయ్యి వేసిన సంగటి, చెనక్కాయల ఊరుబిండి, గుడ్డు ధారాళంగా పెట్టాలి.

అపోహ: ఇది అంటుకుంటుంది.

అంటుకోదు. బడిలో పక్కన కూర్చోవచ్చు. అయితే ఇదే జబ్బున్న ఇద్దరు పిల్లలను మాత్రం దగ్గరగా ఉంచకూడదు, ఒకరి ఊపిరితిత్తుల్లోని మొండి క్రిములు మరొకరికి చేరుతాయి.

అపోహ: అమెరికాలో మందు వచ్చింది, అది తెప్పిస్తే చాలు.

1950లలో ఈ పిల్లలు బడి వయసుకు చేరడమే అరుదు. 2012లో ఐవాకాఫ్టర్ అనే మందు, 2019లో మూడు మందుల మిశ్రమం అమెరికాలో ఆమోదం పొందాక ఎందరి జీవితాలో మారాయి. అయితే అవి జన్యువును సరిచేయవు, లోపంతో తయారైన ప్రొటీను పనిచేసేలా చూస్తాయి. ప్రొటీను అసలే తయారుకాని రకం లోపాలకు అవి పనికిరావు. మూడు మందుల మిశ్రమాన్ని మొదట ఎఫ్508డెల్ అనే జన్యుమార్పు ఉన్నవారికే ఆమోదించారు. ఆ మార్పు పాశ్చాత్య దేశాల రోగుల జన్యువుల్లో సుమారు 70 శాతం, మన పిల్లల్లో అంతకంటే బాగా తక్కువ. ఆ మిశ్రమం ధర అమెరికాలో ఏడాదికి 3 లక్షల డాలర్లకు పైనే. అందువల్ల మొదట జన్యు పరీక్షతో బిడ్డలో ఏ మార్పు ఉందో తెలుసుకోవాలి. మందు అందినా అందకపోయినా, గాఢమైన ఉప్పునీటి నెబ్యులైజేషన్, వీపు తట్టి కఫం వదిలించే ఫిజియోథెరపీ రోజూ జరగాలి. ఆదోని పిల్లవాడికి ఆ పని చేసేది వాళ్ల అవ్వే, పొద్దున పాలకు ముందు ఒకసారి, రాత్రి అన్నానికి ముందు ఒకసారి.