ట్రాన్స్‌ఫర్ అయిన యూనిట్లన్నీ డిగ్రీకి లెక్కకు రావు: కమ్యూనిటీ కాలేజీ క్రీడాకారుల అపోహలు - వాస్తవాలు

నేను కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో అకడమిక్ కౌన్సెలర్‌ని. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది క్రీడాకారులే. రెండేళ్లు ఇక్కడ ఆడి, ఆ తర్వాత నాలుగేళ్ల యూనివర్సిటీ జట్టులోకి వెళ్లాలని వాళ్ల ఆశ. అమెరికాలో అందరూ జూకో అనేది ఈ రెండేళ్ల కాలేజీలనే. మన ఇంటర్ కాలేజీలతో వీటికి సంబంధం లేదు. టెన్నిస్, స్విమ్మింగ్, ట్రాక్ ఆడే తెలుగు పిల్లలు కూడా ఇప్పుడు ఈ దారిలో కనిపిస్తున్నారు. వాళ్ల అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలు మాత్రం ఏటా అవే. అందులో ఒకటి పిల్లలను నిండా ముంచుతోంది. ఈ పోస్టు ముఖ్యంగా దాని గురించే. మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: "అరవై యూనిట్లూ ట్రాన్స్‌ఫర్ అవుతాయన్నారు. ఇక ఆడటానికి అడ్డేముంది?"

అడ్డు ఉంది. యూనిట్లంటే కోర్సులు పాసైతే వచ్చే క్రెడిట్లు. ఇక్కడ దాటాల్సినవి మూడు. ఒకటి, యూనివర్సిటీ అడ్మిషన్. రెండు, అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ట్రాన్స్‌ఫర్ నియమాలు. మూడు, డిగ్రీలో ఎంత భాగం పూర్తయిందన్న లెక్క. ఒక్కోదాన్ని ఒక్కో ఆఫీసు చూస్తుంది. ఒకటి దాటారు కాబట్టి రెండోదీ దాటినట్టే అని ఎవరూ రాసివ్వరు.

అడ్మిషన్ సంగతి చాలామందికి తెలిసిందే. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లకు జూనియర్‌గా, అంటే మూడో ఏడాది విద్యార్థిగా వెళ్లాలంటే 60 సెమిస్టర్ యూనిట్లు, అందులో రెండు ఇంగ్లిష్, ఒక మ్యాథ్స్‌తో కలిపి నిర్ణీతమైన ఏడు కోర్సులు పూర్తవ్వాలి. జీపీఏ కాలిఫోర్నియా వాళ్లకు కనీసం 2.4, బయటివాళ్లకు 2.8 ఉండాలి. ఇది దరఖాస్తుకు కనీస అర్హత మాత్రమే, దీంతో సీటు ఖాయమైపోదు. ఎన్‌సీఏఏలో అన్నిటికన్నా పై స్థాయి అయిన డివిజన్ 1 నియమాలు కూడా కోచ్‌లు ఎంతోకొంత చెబుతారు. ట్రాన్స్‌ఫర్ అయ్యే కోర్సుల్లో 2.5 జీపీఏ, చదివిన ప్రతి ఫుల్‌టైమ్ టర్ముకు సగటున 12 ట్రాన్స్‌ఫర్ యూనిట్లు ఉండాలి.

దెబ్బ తగిలేది మూడోదాని దగ్గర. యూనివర్సిటీ రిజిస్ట్రార్ మీ కోర్సును ఒప్పుకుంటే అది ట్రాన్స్‌ఫర్ అయినట్టు. అదే కోర్సు మీరు ఎంచుకున్న మేజర్ (ప్రధాన సబ్జెక్టు) డిగ్రీలో ఏదో ఒక అవసరాన్ని తీరిస్తేనే డిగ్రీకి లెక్కకు వచ్చినట్టు. ఈ రెండు అంకెల మధ్య తేడా ఒక్కోసారి ఇరవై యూనిట్లు దాటుతుంది. ఎన్‌సీఏఏకు కావాల్సింది రెండో అంకె. మాలాంటివాళ్లం చాలా ఏళ్లుగా 40-60-80 అని పిలుచుకునే కొలత ఇదే: మూడో ఏడు మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏటికి 60, ఐదో ఏటికి 80 పూర్తయి ఉండాలి. మూడో ఏడు మొదలయ్యేసరికి మేజర్ కూడా ప్రకటించి తీరాలి. ఈ శాతాలను అప్పుడప్పుడూ సవరిస్తుంటారు కాబట్టి మీరు చేరే ఏడాది ఎన్‌సీఏఏ విడుదల చేసిన ట్రాన్స్‌ఫర్ గైడ్ చూసుకోండి. శాతం మారినా లెక్క కట్టే తీరు ఇదే.

కొన్నేళ్ల కిందట ఒక టెన్నిస్ కుర్రాడు అమ్మానాన్నలతో కలిసి నా ఆఫీసుకు వచ్చాడు. వేరే రాష్ట్రంలోని డివిజన్ 1 యూనివర్సిటీలో అడ్మిషన్ వచ్చింది, కోచ్ రమ్మన్నాడు, అపార్ట్‌మెంట్‌కు అడ్వాన్స్ కూడా కట్టేశారు. అప్పుడు అక్కడ క్రీడాకారుల అర్హత చూసే కంప్లయన్స్ ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది, ఫాల్‌లో (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లో) ఆడటానికి వీల్లేదని. వాళ్లమ్మ చేతిలో పసుపుపచ్చ ఫైలు. "అన్నీ ఏలూ బీలే కదక్కా, ఒక్కటీ ఫెయిల్ కాలేదు. మరి ఆడనివ్వకపోవడమేంటి?" అని అడిగింది. నాన్న కంప్యూటర్ స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాడు.

ట్రాన్స్‌క్రిప్ట్ ప్రింట్ తీసి ఒక్కో వరుస పక్కన పెన్నుతో రాస్తూ పోయాం. మొత్తం 62 యూనిట్లు, అన్నీ ట్రాన్స్‌ఫర్ అయినవే. అబ్బాయి ఇక్కడ చదివినంతకాలం బిజినెస్ అనుకుంటూ చదివాడు. దరఖాస్తు చేసే వారంలో ఇంట్లో అందరూ కూర్చుని మేజర్‌ను కంప్యూటర్ సైన్స్‌గా మార్చారు. దాంతో రెండు అకౌంటింగ్ కోర్సుల 8 యూనిట్లు ఎందుకూ కొరగాకుండా పోయాయి. జట్టు ప్రాక్టీసుకు వచ్చిన 6 యూనిట్లు, అవసరానికి మించి చదివిన సోషియాలజీ 6, ఫొటోగ్రఫీ 3 కూడా పోయాయి. మిగిలినవి 39. డిగ్రీ 120 యూనిట్లది, 40 శాతమంటే 48. తొమ్మిది తక్కువ. అదే ట్రాన్స్‌క్రిప్ట్‌ను బిజినెస్ డిగ్రీతో పోల్చి చూశాం. అకౌంటింగ్ యూనిట్లు కలిసి 47, ఎలెక్టివ్ కింద ఒక సోషియాలజీ కలిసి 50. ఇబ్బందే లేదు.

ఆ అబ్బాయి ఆడటంలో తగ్గింది లేదు, చదువులో తగ్గింది లేదు. మేజర్ ఎప్పుడు మార్చారన్న దగ్గరే అంతా తేడా వచ్చింది. మేజర్ వదలడానికి ఇష్టపడలేదు. ఫాల్ అంతా ప్రాక్టీసుకే పరిమితమై, కంప్యూటర్ సైన్స్‌కు పనికొచ్చే కోర్సులు పూర్తి చేసుకుని స్ప్రింగ్‌లో కోర్టులోకి దిగాడు. అప్పటికి అతనికి అనుకున్న స్థానంలో ఇంకొకరు కుదురుకున్నారు.

మన ఇళ్లలో ఇది ఎక్కువగా జరగడానికి కారణం నాకు తెలుసు. ఆటతో వెళ్తున్నాడు సరే, డిగ్రీ మాత్రం కంప్యూటర్ సైన్సో ఇంజనీరింగో అయితే బాగుంటుందని ఇంట్లో అనుకుంటారు. అనుకోవడంలో తప్పేమీ లేదు. ఆ మాట మొదటి సెమిస్టర్‌లోనే అనుకోండి. ఆ మేజర్లకు క్యాలిక్యులస్ వరుస, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ ముందే కావాలి, ఒకదాని తర్వాత ఒకటే చదవాలి, చివరి ఏడాదిలో అన్నీ ఇరికించడం కుదరదు. ముందే తెలిస్తే సీజన్ లేని టర్ములో ల్యాబ్ కోర్సులు పెట్టి నేనే ప్లాన్ వేసిస్తాను. ఇంజనీరింగ్ చదువుతూ ఆడినవాళ్లు ఉన్నారు. వాళ్లంతా మొదటి రోజు నుంచే ఆ లెక్కలో ఉన్నవాళ్లు.

కాలిఫోర్నియాలోని యూసీ, సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌లకైతే అసిస్ట్ వెబ్‌సైట్‌లో మీ కాలేజీ, వెళ్లాల్సిన క్యాంపస్, మేజర్ పెడితే ఏ కోర్సుకు ఏది సమానమో కనిపిస్తుంది. వేరే రాష్ట్రాలకు, ప్రైవేటు యూనివర్సిటీలకు అది పనికిరాదు. అక్కడి కంప్లయన్స్ ఆఫీసుకు అనధికార ట్రాన్స్‌క్రిప్ట్ పంపి, "ఈ మేజర్‌లో నా యూనిట్లు డిగ్రీకి ఎన్ని లెక్కకు వస్తాయి?" అని ఈమెయిల్‌లో అడగండి. "ఎన్ని ట్రాన్స్‌ఫర్ అవుతాయి?" అని అడిగితే వాళ్లు ఆ ప్రశ్నకే జవాబిస్తారు, ఆ జవాబు మీకు ఉపయోగపడదు. రెండు మేజర్ల మీద ఊగుతుంటే రెండింటికీ అడగండి. జవాబు రాతపూర్వకంగా ఉండాలి. ఫోన్లో చెప్పింది ఆగస్టులో ఎవరికీ గుర్తుండదు.

జట్టు ప్రాక్టీసు యూనిట్ల గురించి ఇంకో మాట. ప్రతి సీజన్‌కూ ఆ యూనిట్లు వస్తాయి, జీపీఏ కూడా పెరుగుతుంది కాబట్టి పిల్లలకు ధైర్యంగా ఉంటుంది. ఎన్‌సీఏఏ లెక్కలో అలాంటి ఫిజికల్ యాక్టివిటీ యూనిట్లు రెండుకు మించి తీసుకోరు. రెండుకు మించినవాటిని తీసేసి మీ జీపీఏ మళ్లీ కట్టుకోండి.

ఇప్పటికే ఇందులో ఇరుక్కున్నవాళ్లు భయపడి ఇంకో ఏడాది ఇక్కడే ఉండిపోవద్దు. ముందు ఆ డిగ్రీకి లెక్కకు వచ్చే కోర్సులు సమ్మర్‌లో ఎన్ని దొరుకుతాయో చూడండి. తర్వాత అదే యూనివర్సిటీలో మీ ట్రాన్స్‌క్రిప్ట్‌కు దగ్గరగా ఉన్న మేజర్ ఏముందో చూడండి. డివిజన్ 2లో జీపీఏ గీత 2.2, అక్కడా మంచి జట్లు, స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. దారులు ఉన్నాయి, కాకపోతే జులైలో కన్నా ఫిబ్రవరిలో ఎక్కువ ఉంటాయి.

అపోహ: "కోచ్ మాటిచ్చాడు, సీటు వచ్చేసినట్టే."

కోచ్ సీటు ఇవ్వడు. తనకు కావలసినవాళ్ల పేర్లు అడ్మిషన్ ఆఫీసుకు చెబుతాడు, కొన్నిచోట్ల ఆ మాటకు మంచి బరువు ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. నిర్ణయం ఆ ఆఫీసుదే. కోచ్ ఆసక్తి చూపాడని మిగతా దరఖాస్తులు ఆపేయడం నేను చూసే రెండో పెద్ద పొరపాటు. యూసీ ఫాల్ అడ్మిషన్ దరఖాస్తు గడువు నవంబరు చివరతో ముగుస్తుంది. చాలా ఆటల్లో కోచ్‌ల ఫోన్లు వచ్చేది ఆ తర్వాతే. ఏ కోచ్ పిలవకపోయినా నవంబరులో దరఖాస్తు వేసి పెట్టండి. కోచ్‌లు ఉద్యోగాలు కూడా మారతారు, మాటిచ్చిన మనిషి మార్చిలో ఇంకో యూనివర్సిటీలో ఉండొచ్చు. ఫలానా యూనివర్సిటీకే ఆడతానని సంతకం చేసే పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ పద్ధతిని కూడా 2024 అక్టోబరులో ఎత్తేశారు.

అపోహ: "జీపీఏ 2.0 ఉంటే చాలు."

2.0 అనేది ఇక్కడ మా కాలేజీలో ఆడటానికి. అక్కడికి వెళ్లడానికి కాదు. డీ గ్రేడ్ ఇక్కడ పాస్ కావచ్చు, మేజర్‌కు కావలసిన కోర్సుల్లో చాలా యూనివర్సిటీలు దాన్ని ఒప్పుకోవు.

అపోహ: "జూకోకి వచ్చాక హైస్కూల్ మార్కులతో పనిలేదు."

అడ్మిషన్ వరకు చాలాచోట్ల నిజమే. ఎన్‌సీఏఏ మాత్రం వాటిని మళ్లీ తిరగేస్తుంది. హైస్కూల్‌లో 16 కోర్ (ముఖ్య సబ్జెక్టుల) కోర్సులు 2.3 జీపీఏతో పూర్తి చేసినవాళ్లను క్వాలిఫయర్ అంటారు. వాళ్లు ఒక్క టర్ము ఇక్కడ చదివి, గ్రేడ్లు ఉంటే వెళ్లిపోవచ్చు. కానివాళ్లు కనీసం మూడు సెమిస్టర్లు చదివి, ఇక్కడ అసోసియేట్ డిగ్రీ తీసుకోవాలి, ఇంగ్లిష్ 6, మ్యాథ్స్ 3, సైన్స్ 3 యూనిట్లు చూపించాలి. అమెరికన్ ఫుట్‌బాల్ స్టార్ ఏరన్ రోజర్స్ బ్యూట్ కాలేజీ అనే జూకోలో ఒక్క సీజన్ ఆడి యూసీ బర్క్‌లీకి వెళ్లగలిగాడంటే, హైస్కూల్ చదువు బాగుండబట్టే రెండేళ్లు ఆగాల్సిన పని పడలేదు. జూకో అంటే చదువు రానివాళ్లదని చిన్నచూపు చూసే బంధువులకు కూడా ఆయన సంగతి చెప్పొచ్చు. హైదరాబాద్, విజయవాడల నుంచి నేరుగా వచ్చే పిల్లలు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ వరకు మార్కుల పత్రాలన్నీ దగ్గర ఉంచుకోవాలి.

అపోహ: "జూకో ఏళ్లు ఇప్పుడు లెక్కలోకి రావట, కోర్టు చెప్పింది."

ఈ ఫార్వర్డ్ మెసేజ్ నాకు ఎంతమంది పంపారో. జరిగింది ఇది. అప్పట్లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న డియేగో పావియా అంతకుముందు న్యూ మెక్సికో మిలిటరీ ఇన్‌స్టిట్యూట్‌లో జూకో స్థాయిలో ఆడాడు. ఆ సీజన్లను తనకు ఆడటానికి ఉన్న నాలుగు సీజన్లలో కలపొద్దని 2024 నవంబరులో కేసు వేశాడు. డిసెంబరులో టెనెస్సీ ఫెడరల్ జడ్జి అతనికి అనుకూలంగా తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు. దాని తర్వాత, అదే పరిస్థితిలో ఉండి 2024-25తో అర్హత ముగిసేవాళ్లకు ఎన్‌సీఏఏ ఒక్క ఏడాది మినహాయింపు ఇచ్చింది. అంతే. ఆ ఉత్తర్వును నమ్ముకుని ఈ రోజు ఫస్టియర్ పిల్లలు మూడో ఏడు ఇక్కడ ఉండిపోతామంటే నేను ఒప్పుకోను. డివిజన్ 1లో నాలుగు సీజన్లు ఆడటానికి ఐదేళ్లు అన్న గడియారం మొదటిసారి ఏ కాలేజీలోనైనా ఫుల్‌టైమ్ చేరిన రోజు నుంచి నడుస్తూనే వచ్చింది. ఇండియాలో బీటెక్‌లో ఒక ఏడాది చదివి మానేసి వచ్చినా ఆ ఏడాది కలుస్తుంది. ఈ సంగతి తెలియక వచ్చిన పిల్లల మొహం చూడటం నాకు చాలా కష్టం. డివిజన్ 2లో చదివిన టర్ములనే లెక్కపెడతారు, అక్కడ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

అపోహ: "బ్యాడ్మింటన్‌తో డివిజన్ 1 స్కాలర్‌షిప్ వస్తుంది."

రాదు. ఎన్‌సీఏఏలో బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ లేదు, క్రికెట్ కూడా లేదు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో అమ్మాయిల బ్యాడ్మింటన్ పోటీలు ఉన్నాయి, అవి చూసి ఈ మాట పుట్టి ఉంటుంది. అమ్మాయి ఆటను ప్రేమిస్తే హాయిగా ఆడనివ్వండి, ట్రాన్స్‌ఫర్ మాత్రం చదువు మీద ప్లాన్ చేయండి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు ఏ ఆటకూ స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ఇవ్వవు, అదీ గుర్తుంచుకోండి.

అపోహ: "ఆన్‌లైన్‌లో నాలుగు కోర్సులు చేసేస్తే 12 యూనిట్లు నిండిపోతాయి."

ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకు ఫుల్‌టైమ్ లెక్కలో టర్ముకు ఒక్క ఆన్‌లైన్ కోర్సే కలుస్తుంది. మిగతావి క్లాసుకు వెళ్లి చదవాల్సిందే. సీజన్ మధ్యలో ఒక క్లాసు డ్రాప్ చేసి 12 కన్నా తగ్గితే ఆటా ఆగుతుంది, వీసాకూ ముప్పు. డ్రాప్ బటన్ నొక్కే ముందు కౌన్సెలర్‌కూ, ఇంటర్నేషనల్ ఆఫీసుకూ చెప్పండి. నా దగ్గరికి వచ్చేటప్పుడు ట్రాన్స్‌క్రిప్ట్, కోచ్ పంపిన మెసేజ్‌లు, మనసులో ఉన్న రెండు మేజర్ల పేర్లు తీసుకురండి.