రాత్రి నగరం, దీపాల వెలుగు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నగరంలో రాత్రిపూట ఏ దీపం ఎక్కడ ఉండాలి, ఎంత వెలగాలి, ఎటు తిరిగి ఉండాలి అని నిర్ణయించడం నా పని. వీధులు, పార్కులు, వంతెనలు, పాత కట్టడాలు అన్నీ ఇందులోకే వస్తాయి. కొంతకాలంగా ఆన్‌లైన్ ముచ్చట్లలో రకరకాల ఊళ్లవాళ్లతో ఈ విషయం మాట్లాడుతున్నాను. ఊరేదైనా, వాళ్ల మనసులో నాటుకుపోయిన నమ్మకాలు దాదాపు ఒకటే. అవే టెండర్ కాగితాల్లోకి ఎక్కుతాయి. ఒకసారి స్తంభాలు పాతాక ఏళ్ల తరబడి ఆ వెలుగులోనే బతకాలి. అందుకే వీటి గురించి వివరంగా రాయాలనిపించింది.

అపోహ: వెలుగు ఎంత ఎక్కువైతే వీధి అంత భద్రం.

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయింది ఇదే. నేల మీద పడే వెలుగును లక్స్‌లలో కొలుస్తాం. నిండు పున్నమి వెన్నెల నేల మీద దాదాపు 0.3 లక్స్‌కు మించదు. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. రెండిట్లోనూ మనం నడవగలం, ఎందుకంటే కన్ను సర్దుకుంటుంది. దానికి చేతకానిది ఒకేసారి రెండిటికీ సర్దుకోవడం. ఒకచోట జిగేల్‌మనే దీపం, నాలుగడుగుల అవతల చీకటి ఉంటే కన్ను దీపానికే అలవాటు పడుతుంది. ఆ చీకట్లో మనిషి నిలబడి ఉన్నా కనిపించడు.

ఇంకో ఇబ్బంది గ్లేర్. దీపం నేరుగా కంట్లో పడితే ఆ కాంతి కంటిలోపలే చెదిరి, ఎదుటి దృశ్యం మీద తెల్లటి మసకలా పరుచుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ కంటి లెన్స్ మసకబారుతుంది కాబట్టి పెద్దవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. రాత్రి మీ వీధిలో నిలబడి, ఎదురుగా ఉన్న దీపానికి అరచేయి అడ్డం పెట్టి చూడండి. అడ్డం పెట్టగానే చుట్టుపక్కలవి ఇంకా బాగా కనిపిస్తే, ఆ దీపం మీ చూపును చెడగొడుతోందన్నమాట. దీపం మార్చనక్కర్లేదు. చాలాసార్లు దాన్ని కిందికి వంచి, పక్కన చిన్న షీల్డ్ పెడితే సరిపోతుంది.

మరి నేరాల సంగతి? ఇక్కడ రెండు వైపులా నిజాయితీగా చెప్పాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 62 స్థానిక సంస్థల సమాచారం పరిశీలించి 2015లో ఒక అధ్యయనం వచ్చింది. వీధి దీపాలను తగ్గించినచోట, అర్ధరాత్రి తర్వాత ఆర్పేసినచోట ప్రమాదాలు గానీ నేరాలు గానీ పెరిగాయనడానికి ఆధారం దొరకలేదు. న్యూయార్క్‌లో 2016లో కొన్ని ప్రభుత్వ గృహ సముదాయాల్లో తాత్కాలిక లైట్ టవర్లు పెట్టి చూస్తే, రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు సుమారు 36 శాతం తగ్గాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. ఎక్కడ, ఎవరి కోసం, ఏ వేళకు అన్న ప్రశ్నకు జవాబు ఊరూరా మారుతుంది. నా అనుభవంలో నడిచేవాళ్లకు ధైర్యమిచ్చేది నేల మీది లక్స్ లెక్క కాదు, ఎదురొచ్చే మనిషి ముఖం గుర్తుపట్టగలగడం. ముఖం మీద, గోడల మీద పడే మెత్తని వెలుగు అందుకు కావాలి. నడినెత్తిన వెలిగే దీపం ఒక్కటే అయితే కళ్ల కింద నీడలే మిగులుతాయి.

అపోహ: ఫోటో చూస్తే ఆ చోటు ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

ఆన్‌లైన్‌లో మాట్లాడేటప్పుడు నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. అందరం ఫోటోలు చూపించుకునే మాట్లాడుకుంటాం. కెమెరా కొన్ని సెకన్లపాటు కాంతిని పోగుచేసుకోగలదు, కన్ను అలా చేయలేదు. ఫోన్లలోని నైట్ మోడ్ అనేక షాట్లను కలిపి, నీడలను పైకి లేపి, రంగులను సరిదిద్ది చూపిస్తుంది. దానికితోడు ఆ బొమ్మను మనం వెలిగే తెర మీద చూస్తాం. గ్లేర్ వల్ల కళ్లు చికిలించాల్సిన చోటు కూడా ఫోటోలో ముచ్చటగా ఉంటుంది. మంచి డిజైన్ ఉన్న మసక వీధేమో చప్పగా కనిపిస్తుంది. అందుకే ఎవరైనా ఫోటో చూపించి బాగుందా అని అడిగితే, అక్కడ నిలబడి కంటితో చూసినప్పుడు ఏం కనిపించిందో మాటల్లో చెప్పమంటాను. చీకట్లో కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ కాస్త ఓపిక పట్టినవాళ్లు చెప్పే వివరాలు నాకు ఏ ఫోటో కంటే కూడా ఎక్కువ పనికొస్తాయి.

అపోహ: పాలలాంటి తెల్లని ఎల్‌ఈడీ వెలుగే ఆధునికం, అదే మేలు.

వెలుగు రంగును కెల్విన్‌లలో చెబుతాం. పాత సోడియం దీపాల పసుపు వెలుగు సుమారు 2,000 కెల్విన్ దగ్గర ఉంటుంది. తొలిరోజుల్లో చాలా నగరాలు పెట్టిన ఎల్‌ఈడీలు 4,000, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. సంఖ్య పెరిగేకొద్దీ నీలి కాంతి వాటా పెరుగుతుంది. పగటి ఆకాశం నీలంగా ఉండటానికి కారణమైన చెదరడమే రాత్రి కూడా జరుగుతుంది. నీలి కాంతి గాలిలో ఎక్కువగా చెదిరి ఆకాశాన్ని వెలిగిస్తుంది. నిద్రకు సంబంధించిన మెలటోనిన్ అనే హార్మోన్ మీదా దాని ప్రభావమే ఎక్కువ. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లో వీధి దీపాలకు 3,000 కెల్విన్ లేదా అంతకన్నా తక్కువ వాడమని సూచించింది. అలాగని సోడియమే గొప్పదనను. దాని కింద రంగులు సరిగ్గా తెలియవు. వెచ్చని ఎల్‌ఈడీతో రంగులూ తెలుస్తాయి, కళ్లకూ హాయిగా ఉంటుంది.

అపోహ: ఎల్‌ఈడీలు వచ్చాయి కాబట్టి సమస్య తీరిపోయింది.

ఒక్కో దీపం వాడే కరెంటు తగ్గిన మాట నిజమే. వెలుగు చవకైంది కాబట్టి ఇంకాస్త పెడదాం అనే ఆలోచనా దాంతోపాటే వచ్చింది. 2012 నుంచి 2016 వరకు భూమ్మీద కృత్రిమంగా వెలిగే ప్రాంతం ఏటా సుమారు 2.2 శాతం చొప్పున పెరిగిందని ఉపగ్రహాలు లెక్క తేల్చాయి. ఆ ఉపగ్రహ పరికరానికి ఎల్‌ఈడీల నీలి కాంతి కనిపించదు కాబట్టి అసలు పెరుగుదల అంతకంటే ఎక్కువే కావచ్చు. మామూలు జనం కంటితో నక్షత్రాలను చూసి పంపిన వివరాల ఆధారంగా 2023లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఆకాశం ఏటా సగటున 9.6 శాతం చొప్పున వెలుగెక్కుతోంది. అంటే 250 నక్షత్రాలు కనిపించే చోట పుట్టిన బిడ్డకు, 18 ఏళ్లు వచ్చేసరికి 100 మాత్రమే మిగులుతాయి. ఇది తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఎల్‌ఈడీల అసలు బలం డిమ్మింగ్‌లో, అంటే అవసరాన్ని బట్టి వెలుగు తగ్గించుకోవడంలో ఉంది. వెలుగును సగానికి దించినా కంటికి సగం తగ్గినట్టు అనిపించదు. జనం తగ్గే వేళకు దీపాలు తగ్గించే ఏర్పాటు లేకుండా ఎల్‌ఈడీలు కొనడం డబ్బు దండగ.

అపోహ: కట్టడం అందంగా కనబడాలంటే నిలువెల్లా వెలిగించాలి.

నీడ లేనిచోట లోతు ఉండదు. శిల్పం ఉన్న గోడ మీదికి ఎదురుగా ఫ్లడ్‌లైట్ కొడితే చెక్కడాలన్నీ చదునైపోతాయి. గోడ పక్కనుంచి వాలుగా వెలుగు పడితే ప్రతి ఉలి గీతా లేచి నిలుస్తుంది. ఇదే చూపు మొత్తం నగరానికీ వర్తిస్తుంది. ఫ్రాన్స్‌లోని లియాన్ 1989లోనే నగరమంతటికీ కలిపి ఒక లైటింగ్ ప్రణాళిక వేసుకుంది. నది, కొండ, వంతెనలు, కట్టడాలు వేటికవే కాకుండా ఒకే రాత్రి దృశ్యంగా ఎలా కనిపించాలన్నది వాళ్ల ఆలోచన. అన్నీ పోటీపడి వెలిగితే చూపు నిలవడానికి చోటుండదు.

అపోహ: కాంతి కాలుష్యం ఖగోళ శాస్త్రజ్ఞుల గొడవ.

న్యూయార్క్‌లో సెప్టెంబర్ 11 స్మారకంగా ఆకాశంలోకి వేసే కాంతి స్తంభాల్లో వలస పక్షులు చిక్కుకుని తిరుగుతూనే ఉంటాయి. ఏడేళ్ల పరిశీలనలో సుమారు 11 లక్షల పక్షులు ప్రభావితమయ్యాయని 2017లో తేలింది. దీపాలు ఆర్పగానే నిమిషాల్లోనే అవి తమ దారి పట్టాయి. ఇతర కాలుష్యాలతో పోలిస్తే ఇక్కడున్న పెద్ద ఊరట ఇదే. స్విచ్ ఆర్పాక గాలిలో ఏమీ మిగలదు.

నగరం అన్నాక ఆకాశాన్ని వదులుకోక తప్పదనే వాళ్లకు నేను అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్ సంగతి చెబుతాను. 70 వేలకు పైగా జనం ఉన్న ఊరది. ప్రకటనల కోసం ఆకాశంలోకి వేసే సెర్చ్‌లైట్లను 1958లోనే నిషేధించింది. 2001లో ప్రపంచంలోనే మొదటి అంతర్జాతీయ డార్క్ స్కై నగరంగా, అంటే రాత్రి ఆకాశపు చీకటిని కాపాడుకునే ఊరిగా గుర్తింపు పొందింది. అక్కడా దుకాణాలున్నాయి, రోడ్లున్నాయి, రాత్రి తిరిగే జనం ఉన్నారు. దీపాలకు మూతలున్నాయి, వెలుగు నేల మీదే పడుతుంది.