పైశాచికం అంటే ఏంటి?

పిల్లలూ,

పేపర్లో "పైశాచిక దాడి", "పైశాచిక ఆనందం" అని చూసి ఆ మాటకి అర్థం అడిగారు కదా. మహా క్రూరం అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు, కానీ అలా చెప్పి ఊరుకోవడం నాకిష్టం లేదు, ఎందుకంటే ఈ మాట మొదట్నించీ ఇదే అర్థంతో లేదు.

పిశాచం నుంచి వచ్చింది పైశాచికం. పిశితం అంటే మాంసం, పచ్చిమాంసం తినేది పిశాచం అని పాత పండితులు చెప్పారు. ఋగ్వేదంలో ఆ పిశాచిని నలిపెయ్యమని ఇంద్రుణ్ణి వేడుకుంటారు. అథర్వవేదానికి వచ్చేసరికి వీటిని తరమడానికి ప్రత్యేకంగా సూక్తాలే ఉన్నాయి. ఇక మన పెద్దవాళ్ళు వల్లెవేసిన అమరకోశం అనే సంస్కృత నిఘంటువు చూడండి, "పిశాచో గుహ్యకః సిద్ధో భూతోఽమీ దేవయోనయః" అంటుంది. అంటే అప్సరసలు, గంధర్వులు ఉన్న వరసలోనే పిశాచాన్నీ కూర్చోబెట్టి, వీళ్ళంతా దేవజాతివాళ్ళే అంది!

మాట మనిషి మీదికి ఎలా వచ్చిందో మనుస్మృతిలో కనిపిస్తుంది. అందులో చెప్పిన 8 రకాల వివాహాల్లో చివరిది పైశాచం, నిద్రలోనో మత్తులోనో ఉన్న ఆడపిల్లని చెరబట్టడం. పెళ్ళి అని పేరు పెట్టినా అన్నిటికంటే పాపిష్ఠిది అని అక్కడే తిట్టారు. ఇక్కడ పిశాచం ఎక్కడా లేదు చూశారా, చేసేవాడు మనిషే. ఇవాళ పేపర్లో వాడేదీ ఈ అర్థంలోనే, ఎదుటివాళ్ళు నిస్సహాయంగా ఉన్నప్పుడు చేసే ఘోరం అని.

అయితే ఇదే పేరు పైశాచి అనే ఒక పాత భాషకీ ఉంది, నాకు ఇష్టమైన భాగం ఇదే. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉంది ఈ కథ. గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానపురంలో, అంటే ఇప్పటి మహారాష్ట్రలోని పైఠన్‌లో, సాతవాహన రాజు రాణులతో నీళ్ళలో ఆడుతుంటే ఒక రాణి అలిసిపోయి "మోదకైః" అంది. నీళ్ళు చల్లొద్దని ఆవిడ భావం, మా ఉదకైః అన్నమాట. రాజుగారు మాత్రం మోదకాలు అడిగిందనుకుని లడ్లు తెప్పించారు! అందరూ నవ్వేసరికి సిగ్గుతో మంచం పట్టి, నాకు సంస్కృత వ్యాకరణం రావాల్సిందే అన్నాడు. 6 ఏళ్ళలో నేర్పుతానని గుణాఢ్యుడనే మంత్రి, 6 నెలల్లోనే నేర్పుతానని శర్వవర్మ అనే ఇంకో మంత్రి. అదే జరిగితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేస్తానని పందెం కట్టి ఓడిపోయిన గుణాఢ్యుడు వింధ్య అడవులకి పోయి అక్కడ పైశాచి నేర్చుకున్నాడు, కాణభూతి అనే పిశాచం చెప్పిన కథల్ని ఆ భాషలోనే, సిరా లేక తన నెత్తురుతో, 7 లక్షల శ్లోకాలుగా రాశాడు. శిష్యులు తీసుకెళ్ళి చూపిస్తే రాజు, పైశాచి భాషట, నెత్తుటి రాతట, ఛీ అని తిప్పికొట్టాడు. అప్పుడు గుణాఢ్యుడు మంట పెట్టి, ఒక్కో ఆకూ చదివి అందులో వేస్తుంటే అడవి జంతువులన్నీ మేత మానేసి కన్నీళ్ళతో వింటూ నిలబడ్డాయి. సంగతి తెలిసి రాజు పరుగెత్తుకొచ్చేసరికి మిగిలింది లక్ష శ్లోకాలే.

ఆ పుస్తకం పేరు బృహత్కథ, మూలం ఇవాళ దొరకదు. సంస్కృత కవి దండి మాత్రం దాన్ని భూతభాషలో, అంటే పైశాచిలో, ఉన్న అద్భుతమైన రచన అని మెచ్చుకున్నాడు. ప్రాకృత భాషలకి వరరుచి రాసిన వ్యాకరణంలో పైశాచికి ఒక అధ్యాయమే ఉంది. సంస్కృతంలోని గగనం అక్కడ గకనం, మేఘం మేఖం, రాజా రాచా. ఇవి వింటే భయం వేస్తుందా మీకు? మహాభారత యుద్ధంలో పిశాచులు దరదులనే కొండజాతి వాళ్ళతో పాటు సైన్యంలో నిలబడి కనిపిస్తారు. వాయువ్య సరిహద్దు కొండల్లోని భాషలకి గ్రియర్సన్ అనే పండితుడు 1906లో పిశాచ భాషలనే పేరు పెట్టాడు కూడా. ఎవరిదో ఊరు, ఎవరి నోటనో పలికిన మాట, అవతలివాళ్ళకి అది పిశాచమైపోయింది!

అందుకే క్లాసులో ఒక పిల్లని రంగు చూసో యాస చూసో పిశాచి అని పిలిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఘోరమైన పనిని పైశాచికం అనండి, గట్టిగా అనండి, ఆ మాట అక్కడ కావాలి.

గుణాఢ్యుడి కథ కథాపీఠం అనే మొదటి లంబకంలోనే, అంటే మొదటి భాగంలోనే, ఉంటుంది, కథాసరిత్సాగరానికి తెలుగు అనువాదాలున్నాయి. సెలవులకి రండి, కాణభూతి ఎవరి శాపం వల్ల పిశాచమయ్యాడో ఆ పిట్టకథ కలిసి చదువుదాం.

మీ అమ్మమ్మ